నలభై ఏడో అంశం: తెల్ల తువ్వాలు

కొత్తగా ఉద్యోగంలో చేరే ఇంజనీరు పిల్లలకు నేను ధైర్యంగా చెప్పగలిగిన మాట ఒక్కటే. మీ చేత ఎవరైనా ఫారం తయారు చేయిస్తే, చివర ఒక ఖాళీ గడి వదలండి. ఎందుకు వదలాలో వివరించడానికి నాకు ఒక గుట్ట, ఒక బండి, ఒక తెల్ల తువ్వాలు కావాలి.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లకు మామూలుగా జుట్టు నెరిసి ఉంటుంది. నాది ఇంకా నల్లగానే ఉంది. పదకొండేళ్లు చేసి, ముప్పై మూడో ఏట రాజీనామా ఇచ్చి బయటపడ్డాను. పింఛను లేదు కాబట్టి అది పోతుందన్న భయమూ లేదు. అయినా ఎవరి పేరూ రాయను. వాళ్లంతా ఇంకా అదే క్యాంటీన్‌లో కూర్చుంటారు, నేనూ అప్పుడప్పుడు వెళ్లి వాళ్ల టీ తాగుతుంటాను.

హైదరాబాద్‌లో కంచన్‌బాగ్ వైపు వెళ్తే పొడవాటి గోడలున్న ఆవరణలు కనిపిస్తాయి. అలాంటి గోడల్లో ఒకదాని వెనక మా ఆఫీసు. లోపల ఏం జరిగేదో ఈ కథకు అవసరం లేదు. చెప్పినా మీరు ఆశ్చర్యపోయేంత ఏమీ జరిగేది కాదు. వాహనాల విభాగంలో కూర్చునే నాకు ఆవరణలో ముఖ్యమైనది గుట్ట. దాని మీద ఒక వైర్‌లెస్ గది, అందులో ఎప్పుడూ ఇద్దరు కాపలావాళ్లు. వాళ్లకు నీళ్లు కావాలి, యంత్రానికి బ్యాటరీలు కావాలి. గుట్టకు రోడ్డు లేదు. ఒకవైపు రాతిలో కొట్టిన మెట్లు, ఇంకోవైపు నున్నటి బండరాతి వాలు. కాబట్టి రెండూ మనిషి భుజం మీద ఎక్కేవి.

ఆ భుజం ఒక కలాసీది. పాతబస్తీ జహనుమాలో ఉండేవాడు, నేను చెప్పబోయే బండి వచ్చేనాటికి యాభై రెండేళ్లు. ఆఫీసంతా ఆయన్ని బాపు అనేది. రోజుకు నాలుగు నీళ్ల క్యాన్లు, వారానికి రెండు బ్యాటరీలు, పందొమ్మిదేళ్లుగా. ఎడమ మోకాలు వంచితే పాత తలుపు తీసినట్టు చప్పుడు వచ్చేది.

నేను చేరిన మొదటి వారంలోనే మెట్లు లెక్కపెట్టాను. అలా లెక్కపెట్టే రకం నేను. మా ఇంట్లో ఎన్ని చెంచాలున్నాయో మా అమ్మకు తెలియదు, నాకు తెలుసు. మెట్లు మూడు వందల పన్నెండు.

"మూడొందల పద్నాలుగు," అన్నాడు బాపు.

మళ్లీ ఎక్కి లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండే.

"ఉత్త చేతులతోటి ఎక్కితే గంతే వస్తయి సార్. బరువుతోటి ఎక్కు, ఇంకో రెండు కనవడ్తయి."

చదువుకోని మనిషి లెక్క అని సర్దుకున్నాను. పాలిటెక్నిక్‌లో చదివి, తర్వాత ఇంజనీరింగ్ కూడా పూర్తిచేసినవాడిని, నాకు సర్దుకోవడం తేలికే.

చేరిన మూడో ఏడు నాకో ఘనకార్యం అప్పగించారు. కొత్త బండి ఏది వచ్చినా దాన్ని స్వీకరించే ముందు నింపాల్సిన ఫారం ఒకటుండేది. జీపుల కాలంలో ఎవరో రాసింది, నలిగిపోయింది. దాన్ని తిరగరాయమన్నారు. యాభై రెండు అంశాలు, ఒక్కో అంశం ఎదురుగా మూడు గడులు: ఉంది, లేదు, ఎన్.ఏ. ఆ మూడోది 'వర్తించదు' అన్నమాట. పాత ఫారాలన్నీ తీసి చూస్తే మావాళ్లు బద్ధకం వేసిన ప్రతిచోటా ఎన్.ఏ. అని గీకి పారేసినట్టు తేలింది. ఒక మహానుభావుడు లారీ బ్రేకులకు ఎదురుగా కూడా ఎన్.ఏ. అని రాశాడు. నాకు ఒళ్లు మండి ఆ గడినే పీకేశాను. కింద ఒక వాక్యం చేర్చాను: ఏ ఒక్క అంశం లేకపోయినా వాహనాన్ని తిరస్కరించవలెను. పై ఆఫీసు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం జిరాక్స్ తీయించి దాచుకున్నాను కూడా.

మరుసటి ఏడాది బండి వచ్చింది.

పై ఆఫీసువాళ్లు ఎక్కడో ప్రదర్శనలో చూసి, ముచ్చటపడి, గుట్టలున్న చోట పనికొస్తుందని మాకొకటి పంపారు. చెక్కపెట్టెలో వచ్చింది. మేకులు పీకి నాలుగు పక్కలూ పడేసేసరికి సగం ఆఫీసు అక్కడే ఉంది. జీపుకంటే చిన్నది, ఆటోకంటే వెడల్పు. పక్కపక్కన రెండు సీట్లు, స్టీరింగ్, తల మీద ఇనప గొట్టాల పంజరం. వెనక సామాను వేసుకునే చిన్న తొట్టి. ఉబ్బిన బూరెల్లాంటి టైర్లు. తలుపులు లేవు, అద్దం లేదు, పైకప్పు లేదు.

"ఏంది గిది, పూర్తిగ తయారుజెయ్యకుండనే పంపిన్రా?" అన్నాడు క్యాంటీన్ వంటవాడు.

"ట్రాక్టర్, ఆటో లేచిపోయి పెండ్లి చేస్కున్నయి. గిది వాండ్ల పిల్ల," అన్నాడు గేటు దగ్గరి సెక్యూరిటీ.

మా సెక్షన్ హెడ్ కాకినాడ దగ్గరి మనిషి, రిటైర్మెంటుకు రెండేళ్లున్నాయి. ఆ రెండేళ్లలో ఏ కొత్త విషయమూ జరగకూడదని గట్టిగా కోరుకునేవారు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "స్టెప్నీ ఏదయ్యా?" అన్నారు.

"ఉండదు సార్. టైర్లలో గాలి చాలా తక్కువ ఉంటుందండి, పంక్చర్ అయితే అక్కడే వేసుకోవడమే."

"స్టెప్నీ లేని బండా," అని ఎవరో పోయినట్టు చూశారు.

బాపు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆయనకు డ్రైవింగ్ లైసెన్సుంది. సెలవు రోజుల్లో బామ్మర్ది ఆటో ఫలక్‌నుమా నుంచి చార్మినార్‌కు తిప్పేవాడు.

"గేర్లు యాడున్నయి సార్?"

"బెల్టు మీద నడుస్తుంది బాపు, దానంతట అదే మారుతుంది. నువ్వు ముందుకా వెనక్కా చెప్తే చాలు."

"మరి క్లచ్చు?"

"లేదు."

"లేదా? మరి ఎడమకాలు ఏం జెయ్యాలె?"

"ఏం చెయ్యక్కర్లేదు."

ఆయన వంగి తన ఎడమ మోకాలి వైపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు.

"ఏం అక్కర్లేదా?" అని మళ్లీ అడిగాడు, నేను ధర ఏదో తప్పు చెప్పినట్టు.

నాకప్పుడు ఆయన అలా ఎందుకడిగాడో తెలియలేదు. రెండ్రోజుల తర్వాత సెక్షన్ హెడ్ చెప్పారు. యాభై దాటిన కలాసీలకు ఏటా వైద్య పరీక్ష. ఇరవై గుంజీళ్లు తియ్యాలి, బరువెత్తుకుని డిస్పెన్సరీ మెట్లెక్కాలి. కిందటేడు ఎనిమిది గుంజీళ్లకే పాత డాక్టర్ కళ్లు మూసుకుని సంతకం పెట్టాడు. ఈసారి కొత్త డాక్టర్, కళ్లు తెరిచి పనిచేసే రకం. పరీక్ష నెలాఖరు సోమవారం. తప్పితే ఎనిమిదేళ్ల సర్వీసు ఉండగానే ఇంటికి. అదే ఆయన్ని కొత్త బండికి డ్రైవర్‌గా వేస్తే, డ్రైవర్లకు చూసేది కళ్లే. మోకాళ్ల ఊసెవరూ ఎత్తరు.

"అయితే వేసేయండి సార్," అన్నాను.

"బండి రిజిస్టర్లో ఉంటే కదయ్యా డ్రైవర్‌ని వెయ్యడానికి! స్వీకరణ ఫారం ముందు పూర్తవ్వాలి. నింపు."

నేను అప్పటికే బండిని మూడు రోజులు నడిపి, ప్రథమ పరిశీలన నివేదిక అని ఇరవై మూడు అంశాలతో ఒకటి రాశాను. ఎంత వాలు ఎక్కుతుంది, ఎంత మలుపులో తిరుగుతుంది, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే మీట ఎప్పుడు వేయాలి. అందులో తొమ్మిదో అంశం: ఇంజనుకు గాలి వెళ్లే జాలీ ఎడమ సీటు వెనక ఉన్నది, దానిని ఎట్టి పరిస్థితిలోనూ మూయరాదు. 'ఎట్టి పరిస్థితిలోనూ' కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. ఆ నివేదికను ఫైల్లో పెట్టి, నా సొంత ఫారం తీశాను.

యాభై రెండు అంశాల్లో పదకొండు లేవు. స్టెప్నీ, దాని స్టాండు, తలుపులు, ముందు అద్దం, వైపర్, పైకప్పు, పక్క అద్దాలు, పనిముట్ల పెట్టె, మంటలార్పే సిలిండర్, ప్రథమ చికిత్స పెట్టె, నలభై ఏడో అంశమైన తెల్ల తువ్వాలు.

"సార్, ఇది జీపు కాదండి," అన్నాను.

"కాదని నాకూ కనపడుతోందయ్యా. ఫారానికి కనపడాలి కదా."

"ఎన్.ఏ. అని రాసేద్దాం సార్."

"ఎక్కడ రాస్తావు?" ఆయన కాగితం నాకు కనబడేలా తిప్పి, ముందూ వెనకా చూపించారు. "గడి ఏది? మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చిందిగా నీకు."

ఫారం మార్చాలంటే పై ఆఫీసు కమిటీ కూర్చోవాలి. ఆ కమిటీ ఆరు నెలలకోసారి కూర్చునేది. కిందటి నెలే కూర్చుని లేచింది.

ఇలాంటప్పుడు బుద్ధిమంతుడు ఫారంతో పోట్లాడతాడు. నేను బండితో పోట్లాడాను. లేనివన్నీ తగిలిస్తే సరి! బాపు వాళ్ల గల్లీలో ఒక వెల్డర్ ఉండేవాడు, అరవై ఏళ్ల ముసలాయన, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. గేటు పాసు మీద వచ్చి, టేపుతో కొలతలు తీసుకుంటూ నా జాబితా విన్నాడు. నాలుగో అంశం దగ్గరే టేపు చుట్టేశాడు.

"ఇత్తా వజన్ నక్కో సాబ్. ఛోటీ గాడీ హై, రో దేతీ." ఇంత బరువొద్దు, ఏడ్చేస్తుందని.

"మొత్తం నూటపద్దెనిమిది కిలోలు. తొట్టి మోసేది నూట ఎనభై. లెక్కుంది," అన్నాను.

"లెక్క కైకు సాబ్? ఆంఖా సె దేఖో."

కళ్లతో చూసే అలవాటు నాకు లేదు. పది రోజుల్లో అన్నీ అమరాయి. జహనుమాలో తయారైన రెండు రేకు తలుపులు, గొళ్లేలతో సహా. వెనక స్టాండు మీద జీపు స్టెప్నీ. పైకప్పు. అద్దం. చేత్తో తిప్పే వైపర్. బండిని చూసి క్యాంటీన్ వంటవాడు, "పెండ్లికొడుకు లెక్క జేసిన్రు, గుర్రం ఒక్కటే తక్కువ," అన్నాడు.

చివరిగా తువ్వాలు. పెద్ద అధికారి కారులో సీటు వీపుకు తెల్ల తువ్వాలు కప్పడం మీరు చూసే ఉంటారు. మా దగ్గర అది జారిపోతోందని ఎప్పుడూ ఫిర్యాదులే. అందుకని ఫారం తిరగరాసేటప్పుడు 'కదలకుండా కట్టబడి' అనే మాటలు నేనే చేర్చాను. బండిలో అధికారి సీటు ఎడమది. మంచి మందపాటి తువ్వాలు తెచ్చి, సీటు వీపు మీదుగా వెనక్కు వేసి, నాలుగు మూలలా బూటు లేసులతో బిగించి కట్టాను. దూరంగా నిలబడి చూసుకున్నాను. చాలా బాగుంది.

బండి పరీక్ష శనివారం పొద్దున పదింటికి. సోమవారం బాపు వైద్య పరీక్ష. శనివారం మా పెద్ద సారు స్వయంగా వచ్చి, బండెక్కి, గుట్ట మీదకు వెళ్లి, అక్కడ ఫారం మీద సంతకం పెట్టాలి. పెద్ద సారు పాతబస్తీ మనిషి, ఒళ్లూ గొంతూ రెండూ భారీ. తువ్వాలుకు ఆనుకుని కూర్చుని, "చలో బాపు," అన్నారు.

బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. జేబులో లైసెన్సు, ఎవరడిగినా చూపించడానికి. తొట్టిలో నాలుగు నీళ్ల క్యాన్లు. నేను ఫారం పెట్టిన అట్ట పట్టుకుని పక్కన నడిచాను. సెక్షన్ హెడ్ గొడుగేసుకుని వెనక. కింది చదును మీద బండి పిల్లిలా వెళ్లింది. వాలు ఎక్కడం మొదలుపెట్టి, ఇరవై గజాలు పోయి, దగ్గి, ఆగిపోయింది.

చక్రాల వెనక రాళ్లు పెట్టాం. అందరూ నా వైపు చూశారు.

"బరువు సార్," అన్నాను. "స్టెప్నీ తీసేద్దాం."

"పందొమ్మిది, స్టెప్నీ," అన్నారు సెక్షన్ హెడ్ నా అట్ట మీది ఫారం చూస్తూ, అంత్యక్రియల్లో పేరు చదివినట్టు. తీసి కింద పెట్టాం. బండి పదిహేను గజాలు పోయి ఆగింది.

"ఇరవై, స్టాండు."

ఇంకో పది గజాలు.

"ఆరు, తలుపులు."

అలా వాలు పొడుగునా మా ఫారం పరుచుకుంటూ పోయింది. ఇక్కడ తలుపు, అక్కడ పైకప్పు, ఆ పైన సిలిండర్. ప్రతి వస్తువూ తీశాక బండి కొంచెం వెళ్లేది, మళ్లీ దగ్గి ఆగేది. పైనుంచి కాపలావాళ్లు గోడెక్కి చూస్తున్నారు.

"అన్నా, నీళ్లు మేమే కిందికొచ్చి తాగి పోవాల్నా?" అని ఒకడు అరిచాడు.

"డ్రైవర్‌ను గూడ ఇప్పి పక్కన పెట్టుండ్రి, బరువు తగ్గి మస్తు హల్క అయితది!" అని ఇంకొకడు.

పదో వస్తువు తీసేసరికి మూడింట రెండు వంతులు ఎక్కాం. అక్కడ బండి మళ్లీ ఆగింది. ఇక తీయడానికి వెల్డర్ పెట్టినదేదీ లేదు. చెమటతో నా చేతిలోని అట్ట మెత్తబడింది. బాపు రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. సోమవారం ఇరవై గుంజీళ్లు తియ్యాల్సింది ఆ మనిషి.

పెద్ద సారు నన్ను పిలిచారు. "ఇంక మిగిలింది నేనే గదా. నేనెంత ఉంటానో నీ లెక్కలో ఉందా?"

ఉంది. తొంభై నాలుగు అని అంచనా వేసి పెన్సిల్‌తో రాసుకున్నాను. "అంటే... సుమారుగా సార్," అన్నాను.

సెక్షన్ హెడ్ గొడుగు చాటున కళ్లు మూసుకున్నారు.

"సార్, గిది బరువు కాదు," అన్నాడు బాపు.

"లెక్క ప్రకారం బరువే బాపు."

"నీ లెక్క నాకెర్కలే సార్. నేను గీ గుట్ట పందొమ్మిదేండ్ల సంది ఎక్కుతున్న. బరువెక్కువైతే కాళ్లు వణుకుతయి. ఊపిరాడకుంటె కాళ్లు మంచిగనె ఉంటయి, మనిషే ఆగిపోతడు. నాకు రెండూ అయినయి, ఫరక్ తెలుసు. దీని చక్రాలు జారుతలేవు, వణుకుతలేవు. దీనికి ఊపిరి ఆడ్తలేదు."

తర్వాత ఆ ఆవరణలో కలాసీ ఎవరూ అంతవరకు అనని మాట అన్నాడు. "జర లెవ్వుండ్రి పెద్ద సారూ."

పెద్ద సారు లేచారు. బాపు లేసుల ముళ్లు విప్పడానికి చూశాడు. నేను కట్టినవి, అంత తేలిగ్గా రావు. చివరికి పళ్లతో లాగాడు. తువ్వాలు ఊడి వచ్చింది. లోపలివైపు, సరిగ్గా మధ్యలో, దుమ్ముతో అచ్చుగుద్దినట్టు నల్లటి జాలీ బొమ్మ ఉంది. ఇంజను గాలి కోసం ఎంత గట్టిగా పీల్చిందో, ఎంత బరువు ఎక్కువైతే అంత గట్టిగా పీల్చి, తువ్వాలును అంత గట్టిగా తనకే అతికించుకుందో, అంతా ఆ గుడ్డ మీద ఉంది. బండి ఆగినప్పుడల్లా గుడ్డ వదులయ్యేది, అందుకే మళ్లీ నాలుగు గజాలు కదిలేది. నా నివేదికలో తొమ్మిదో అంశం. నా ఫారంలో నలభై ఏడో అంశం. రెండూ నా చేతిరాతే, ఒకే ఫైల్లో ఉన్నాయి, ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు.

బాపు ఇంజను వేశాడు. పెద్ద సారు తువ్వాలు చేత్తో పట్టుకుని మళ్లీ ఎక్కారు. బండి మిగతా గుట్టను ఒక్క దమ్ములో ఎక్కేసింది. మేమిద్దరం రొప్పుతూ వెనక చేరుకునేసరికి కాపలావాళ్లు నీళ్లు తాగుతున్నారు.

పెద్ద సారు ఫారం తీసుకుని చదివారు. చాలాసేపు చదివారు. కిందికి, వాలు మీద ఎండలో మెరుస్తున్న తలుపులకేసి చూశారు.

"ఇందుల పదకొండు ఇప్పుడు బండికి లేవు. రూల్ ప్రకారం ఏం జెయ్యాలె?"

"తిరస్కరించాలండి," అన్నారు సెక్షన్ హెడ్ సన్నగా.

బాపు చెయ్యి చొక్కా జేబు మీదకు, లైసెన్సు మీదకు పోయింది.

"గింత అక్కల్‌మంద్ రూలు ఎవరు రాసిండ్రు?" అన్నారు పెద్ద సారు, ఇంత తెలివైన రూలని.

పాత ఫారంలో ఉన్నదేనని అనెయ్యొచ్చు. పాత ఫారం నా బీరువాలోనే ఉంది, ఎవరూ చూడరు.

"నేనే సార్. ఎన్.ఏ. గడి ఉండేది, నేనే తీసేశాను. తువ్వాలు కట్టింది కూడా నేనే. గాలి జాలీ మూయకూడదని రాసిందీ నేనే."

"సంతకం నాది కూడా ఉందండి," అన్నారు సెక్షన్ హెడ్. గొడుగు ముడిచేశారు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి ఆ మాట అంటాడని నేను అనుకోలేదు. ఆయనా అనుకున్నట్టు లేదు.

పెద్ద సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత వైర్‌లెస్ గదిలోంచి కాపలావాళ్ల రిజిస్టర్ తెప్పించి, దాని అంచును స్కేలులా పెట్టి, నా ఫారం కుడివైపున పైనుంచి కిందికి ఒక గీత గీశారు. పైన ఎన్.ఏ. అని రాసి నాకిచ్చారు.

"నువ్వు పీకిన గడి నువ్వే నింపు. పదకొండు. ఒక్కోదానికి ఇనిషియల్. తువ్వాలుకు రెండు ఇనిషియల్స్."

పెట్టాను. తువ్వాలుకు రెండు పెట్టాను. ఆయన కింద సంతకం చేశారు.

బాపును డ్రైవర్‌గా వేస్తూ ఆర్డరు ఆ మధ్యాహ్నమే టైపయింది. సోమవారం వైద్య పరీక్ష నుంచి వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"ఏమన్నారు బాపు?"

"కూసోమన్నరు సార్. కుర్చేసి మరీ కూసోవెట్టి అక్షరాలు చదివిచ్చిన్రు. పందొమ్మిదేండ్లల్ల గా డిస్పెన్సరీల నేను కూసునుడు గిదే ఫస్టు."

పీకేసిన పదకొండు వస్తువుల్ని ఏం చేయాలో ఏ ఫారంలోనూ లేదు. బాపే ఒక్కొక్కటి బండిలో వేసుకుని పైకి చేర్చాడు.

ఏడేళ్ల తర్వాత, నా ఆఖరి పనిదినాన, గుట్టెక్కి వస్తానన్నాను. బాపు బండి తెచ్చి నిలబెట్టాడు. అప్పటికి ఆయనకు రిటైర్మెంటు ఏడాదిలో ఉంది.

"నువ్వు పద. నేను మెట్ల మీద వస్తా," అని తొట్టిలోంచి ఒక నీళ్ల క్యాను తీసి భుజాన పెట్టుకున్నాను.

"గిప్పుడెందుకు సార్ గా లొల్లి?"

"లెక్క తేలాలి."

నూరో మెట్టు దగ్గర భుజం మార్చుకున్నాను. రెండు వందల మెట్ల దగ్గర చెమట కళ్లలోకి దిగింది. మూడు వందల పన్నెండుతో మెట్లు అయిపోయాయి. ఇంక గది గుమ్మం ముందు రాతిపలకలే, ఉత్త చేతులతో వచ్చినప్పుడల్లా నేల అనుకుని నడిచిపోయిన పలకలు. వాటి దగ్గర కాలు ఎత్తబోతే లేవలేదు. క్యాను పట్టుకుని, పళ్లు బిగించి, ఒకటి ఎక్కాను. ఇంకొకటి ఎక్కాను.

గది గోడ నీడన స్టెప్నీ పడుకోబెట్టి ఉంది, పైన గోనెసంచి మడిచి వేసి. బాపు దాని మీద కూర్చుని ఉన్నాడు. రేకు తలుపులు నీళ్ల డ్రమ్ముకు ఎండ తగలకుండా నిలబెట్టి ఉన్నాయి. పక్క అద్దం ముందు కాపలావాడొకడు గడ్డం గీసుకుంటున్నాడు. మేకుకు తువ్వాలు వేలాడుతోంది. ఎన్నిసార్లు ఉతికారో, నల్లటి జాలీ మచ్చ మాత్రం పోలేదు.

బాపు లేచి నా భుజం మీది క్యాను దించి, స్టెప్నీ మీద నాకు చోటిచ్చాడు.

"ఎన్నొచ్చినయి?"

ఊపిరి అందక, వేళ్లతో చూపించాను. ముందు మూడు. తర్వాత ఒకటి. తర్వాత నాలుగు.

ఆయన మేకు మీది తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు. "మొకం తుడుచుకో సార్," అన్నాడు. "ముక్కు మాత్రం మూసుకోకు."